తప్పుగా పిలిచినా వచ్చిన కుక్క

ఆ రోజు పొద్దున కర్నూలు వైపు డీలరు ఒకాయన ఫోన్లో ఉన్నాడు. మార్కాపురంలో నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో ఆర్డర్లు తీసుకునేది నేనే. ఏ సైజు పలకలు కావాలో అడగడం, లారీ ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పడం నా పని. ఆయన అడిగిందంతా నాకు అర్థమైంది. జవాబు చెప్పబోతే నోట్లోంచి ఏవో శబ్దాలు వచ్చాయి. "ఏందమ్మా, సిగ్నల్ లేదా?" అన్నాడాయన. నా కుడిచేతిలోంచి ఫోన్ జారి బల్ల మీద పడింది.

కళ్లు తిరిగాయేమో అనుకున్నారు ఆఫీసువాళ్లు. ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఓబులమ్మ మాత్రం "అక్కకు మూతి ఒక పక్కకు పోయింది, చూడండయ్యా" అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. "గ్యాసు, నీరసం. ఎండలకు ఇట్లనే ఉంటాది" అని ఆయన సెలైన్ పెట్టి పడుకోబెట్టాడు. మా ఆయన శ్రీనివాసులు పొలం నుంచి వచ్చి, కారు మాట్లాడి, నన్ను ఒంగోలు చేర్చేసరికి సాయంత్రమైంది.

సీటీ స్కాన్ తీశారు, తర్వాత ఎంఆర్ఐ. "మెదడులో ఎడమపక్క క్లాట్ ఉంది. ఇస్కీమిక్ స్ట్రోక్. వెంటనే తెచ్చి ఉంటే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం. అది ఇవ్వాల్సిన విండో పీరియడ్ దాటిపోయింది" అన్నాడు డాక్టరు. మాట పోవడాన్ని అఫేసియా అంటారట. "ఆమెకు మీరు చెప్పేవన్నీ అర్థమవుతాయి. తిరిగి చెప్పలేకపోతుంది, అంతే" అని మా వాళ్లకు వివరించాడు. ఆయన చెప్పినదాంట్లో చివరి ముక్క అందరికీ గుర్తుండిపోయింది. మొదటిది ఎవరికీ గుర్తులేదు.

చూడటానికి వచ్చిన చుట్టాలు నా మంచం పక్కనే కూర్చుని "ఇంక ఈమె ఏం పనికొస్తాది" అని మాట్లాడుకున్నారు. కొందరు చెవిటిదానితో మాట్లాడినట్టు అరిచారు. మాట పోతే చెవులు కూడా పోతాయా? అడుగుదామంటే ఆ మాటే లేదు నా దగ్గర.

ఫిజియోథెరపీతో పడిపోయిన కుడికాలు తొందరగా వచ్చింది, చెయ్యి ఆలస్యంగా వచ్చింది. మాట రాలేదు. నీళ్లు అడగాలనుకుంటే "తలుపు" అనేదాన్ని. అది తప్పని నాకు తెలుస్తూనే ఉండేది. మా ఆయన పాపం, "టీ కావాల్నా? అన్నమా? బాత్రూమా?" అని వరసగా అడిగేవాడు. నేను వెతుక్కుంటున్న మాట ఆ ప్రశ్నల కింద పడి నలిగిపోయేది.

"రోజూ పైకి మాట్లాడండి. తప్పులొచ్చినా ఆపొద్దు. వినేవాళ్లు తొందర పెట్టకూడదు, మాట అందించకూడదు" అని చెప్పింది ఒంగోలులో స్పీచ్ థెరపిస్ట్. అలాంటి మనిషిని ఎక్కడ తేవాలో మాత్రం చెప్పలేదు.

మళ్లీ పనికి వెళితే ఓనరు కొడుకు, మేమంతా చిన్నసారు అనే అబ్బాయి, "ఫోన్ కాడ ఎట్ల కూర్చుంటావు రమణక్కా? ప్యాకింగులో చేరు" అన్నాడు. పలకల మధ్య గడ్డి పెట్టి పెట్టెలో సర్దే పని. మొదటి రోజుల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పలకరిస్తే నేనేం చేస్తానోనని వాళ్లకు భయం. మధ్యాహ్నం గడ్డిమోపుల దగ్గర ఒక్కదాన్నే క్యారేజీ విప్పుకునేదాన్ని.

అక్కడికి వచ్చేవాడు కర్రోడు. ఫ్యాక్టరీలోనే పెరిగిన నల్ల కుక్క. రాళ్ల కుప్పలో పాము కనిపిస్తే అరిచి అందర్నీ దూరంగా ఉంచేవాడు. అంతకుమించి వాడి గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు వాణ్ని పిలవబోతే నా నోట "కల్లోడా" అని వచ్చింది. నవ్వుతారేమోనని చుట్టూ చూశాను. వాడు మాత్రం తోకూపుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు.

అప్పటినుంచి రోజూ వాడితో మాట్లాడాను. పలక, గడ్డి, మేకు, పెట్టె. ఒక్కో మాటకు ఎంతసేపు పట్టినా వాడు నా ముఖం చూస్తూనే ఉండేవాడు, వాడి ఆశ నా ముద్ద మీదే అయినా సరే. వాడి ముందు తప్పు చెప్పినా సిగ్గనిపించేది కాదు. సిగ్గు లేనప్పుడు రెండోసారో మూడోసారో సరైన మాట దొరికేది.

ఓబులమ్మ వాడికి మిగిలిన అన్నం పెట్టడానికి వచ్చి, అలాగే కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు వచ్చారు. కుక్క కోసం వచ్చినవాళ్లకు నా మాట కూడా చెవిన పడింది. "అక్క చెప్తా ఉండాది, ఉండండే" అని ఓబులమ్మ మిగతావాళ్లను ఆపేది. ఎన్ని ట్రీట్‌మెంట్లు జరిగినా, నా చుట్టూ మనుషులను చేర్చింది మాత్రం కర్రోడే.

ఆ మధ్య చిన్నసారు ఫోన్లో ఏదో చూశాడు. "బెంగళూరులో ఆఫీసులకే కుక్కల్ని తెచ్చుకుంటారంట. పనోళ్లకు టెన్షన్ తగ్గుతాదంట, కంపెనీకి పేరొస్తాదంట" అని అందరికీ చెప్పాడు. మావాడికి మంచిరోజులు వచ్చాయనుకున్నాను. వారం తిరక్కముందే ఆయన తెల్ల జాతికుక్కపిల్లను తెచ్చి ఏసీ గదిలో పెట్టుకున్నాడు. దాన్ని చూసి కర్రోడు గుర్రుమన్నాడు. మర్నాడు వాడు కనిపించలేదు.

ట్రాక్టరు డ్రైవరును అడిగి ఓబులమ్మ వచ్చి చెప్పింది. "చిన్నసారు చెప్తే దోర్నాల దాటినాక అడివిలో ఇడిసిపెట్టి వచ్చినాడంటక్కా."

నేను లేచి చిన్నసారు గదిలోకి నడిచాను. "మా కర్రోడు యాడ?" అన్నాను.

ఒక్క అక్షరం తప్పలేదు. చిన్నసారు కుర్చీలోంచి లేచాడు. "రమణక్కా, నీకు మాటొచ్చింది కదా! షెడ్డులో కుక్కతో మాట్లాడి బాగుపడిందని అంటా ఉంటే నేను నమ్మలేదు. ఉండు, వీడియో తీస్తా. ఈ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ ముక్క చెప్పక్కా."

"ఈ పిల్ల కాదు" అన్నాను.

"ఏ కుక్కైతే ఏందక్కా?"

"చెప్పను" అన్నాను. ఇంకా అనాల్సినవి చాలా ఉన్నాయి. అవి నోటిదాకా వచ్చి, అన్నీ ఒకేసారి తోసుకుని, ఒక్కటీ బయటికి రాలేదు. కుక్కపిల్లదేం తప్పులేదు. అది నా చెప్పు వాసన చూస్తోంది. తిరిగొచ్చేశాను.

ఆదివారం మా ఆయన బండి మీద దోర్నాల దాటి తీసుకెళ్లాడు. అడవి మొదలయ్యేచోట ఆపి ఆపి పిలిచాం. చెంచుగూడెంలో ఒక పెద్దాయన "పులి తిరిగే చోటు నాయనా, ఊరికుక్క ఎన్నాళ్లుంటాది" అన్నాడు. తర్వాత చాలాసార్లు వెళ్లాం. వాడు దొరకలేదు.

నేను మాట్లాడటం మానేశాను. బీపీ మాత్రలు కూడా సరిగా వేసుకోలేదు. ఒక మధ్యాహ్నం షెడ్డులోనే ఫిట్స్ వచ్చాయి. "పోస్ట్ స్ట్రోక్ సీజర్. మాత్రలు ఆపితే ఇంకో స్ట్రోక్ రావచ్చు, తెలుసా?" అని డాక్టరు కోప్పడ్డాడు. అన్నాళ్లుగా కూడబెట్టుకున్న మాటల్లో సగం పోయాయి. మళ్లీ పలక, గడ్డి దగ్గర మొదలుపెట్టాను. ఈసారి ఎదురుగా ఓబులమ్మ కూర్చుంది. ఆమె ఓపిక పట్టగలదు, కానీ ఆమె పెట్టెకింత అని కూలి తీసుకునే మనిషి. నా కోసం ఆగిన ప్రతిసారీ ఆమె పెట్టెలు తగ్గుతాయి.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. చిన్న వాక్యాలు చెప్పగలను. ఇది కూడా నేను కొంచెం కొంచెంగా చెబుతుంటే మా అన్న కూతురు రాసింది. ఫోన్ సీటు మళ్లీ నాకు ఇవ్వలేదు. కంపెనీ పేజీలో చిన్నసారు ఆ తెల్లకుక్కతో నవ్వుతున్న ఫొటో ఉంది, కింద పనివాళ్ల సంతోషమే మా సంతోషం అని రాసి ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. ఆమె మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించొద్దు. పక్కన కూర్చుని ఆగండి. అంత తీరిక మీకు లేకపోతే, తీరిక ఉన్న కుక్కనైనా ఆమె దగ్గర ఉండనివ్వండి.