దసరా తర్వాత లేచిన దుమ్ము

యాభై దాటిన మనిషి ఎగిరి గంతేస్తే ఎలా ఉంటుందో నేను మా బళ్ళారి కాలేజీలో చూశాను. మా ఫిజిక్స్ సారు కంప్యూటర్ తెర మీదికి వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "లేచిందమ్మా! దుమ్ము లేచింది!" అని అరిచి నిజంగానే గంతేశారు. ఏదో పేలిందనుకుని అటెండరు పరిగెత్తుకొచ్చాడు. ఏమీ పేలలేదు, కనిపెట్టామంతే.

నా పీహెచ్‌డీ దుమ్ము మీద. నవ్వకండి, మా ఊళ్ళో దుమ్ముకున్నంత పలుకుబడి ఎమ్మెల్యేకి కూడా లేదు. చుట్టుపక్కల బడుల్లో ఎర్రదుమ్ము ఎంత పడుతోంది, దానికీ పిల్లలు బడి మానేయడానికీ సంబంధమేమైనా ఉందా అన్నది నా ప్రశ్న. నాది ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటు. కానీ దుమ్ము కొలవాలంటే ఫిజిక్స్ కావాలి, పిల్లలు ఎందుకు రాలేదో ఇళ్ళకు పోయి అడగాలంటే సోషియాలజీ కావాలి. అలా మా గైడు మేడం, ఫిజిక్స్ సారు, సోషియాలజీ సారు, ఈ ముగ్గురి మధ్య నేనొక్కదాన్ని ఇరుక్కున్నాను. ఒకరు టీ అంటే ఒకరు కాఫీ అంటారు, మూడో ఆయన అసలీ క్యాంటీనే వద్దంటారు. అయినా ఆ రోజుల్లో నాకు భలే సరదాగా ఉండేది.

బళ్ళారి దగ్గరి ఊళ్ళైన మోకలో ఒక బడి గోడకు, తెక్కలకోటలో ఒక బడి గోడకు చిన్న మిషన్లు బిగించాం. అరచేయంత తెల్ల డబ్బా, ముందువైపు గుండ్రటి రంధ్రం, లోపల బుల్లి ఫ్యాను. అది గాలి పీల్చి, అందులో దుమ్మెంతుందో చూసి మా కంప్యూటర్‌కు చెబుతుంది. మా కాలేజీ మేడ మీద ఇంకోటుంది. అది పెద్దది, ఖరీదైనది. చిన్నవి నిజం చెబుతున్నాయా లేదా అన్నది దాన్ని బట్టే తేల్చుకోవాలి. వాన మొదలైతే ఫిజిక్స్ సారు ముందు దాన్ని చూసొచ్చి, తర్వాతే స్కూటర్ సీటు తుడుచుకునేవారు.

దసరా తర్వాత ఈ మూడింటిలోనూ గీత ఒక్కసారిగా పైకి లేచింది, మళ్ళీ దిగలేదు. అదీ ఆ గంతు కథ.

"ఒకటి లేస్తే మిషన్ చెడిందనుకోవచ్చు. మూడూ ఒకే రోజు లేసినాయంటే అది సత్యం," అన్నారు ఫిజిక్స్ సారు. గాలి దిశ మారిందన్నారు. సోషియాలజీ సారు ఒప్పుకోలేదు. "గాలేంది సార్ గాలి! పండగ! బండ్లు, జనాలు, ఊర్లకు పొయ్యేటోళ్ళు, వచ్చేటోళ్ళు. దీంట్లో సమాజం ఉండాది," అని బల్ల గుద్దారు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మా మేడం హాజరు కాగితాలు తెచ్చి పక్కన పెట్టారు. దసరా తర్వాత పిల్లల హాజరు పడిపోయింది. దుమ్ము లేచింది, పిల్లలు రాలేదు. ఇంకేం కావాలి? ఆ సాయంత్రం నలుగురం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, బజ్జీకొక సిద్ధాంతం చొప్పున తిన్నాం.

నా సంబరానికి ఇంకో కారణముంది. నాకది ఆఖరి గడువు. పొడిగించి పొడిగించి యూనివర్సిటీవాళ్ళు ఇక కుదరదనేశారు. థీసిస్ ఇచ్చే ముందు బయటి నిపుణుడి ఎదుట అంతా వివరించాలి. ఆయన సంతకం పెడితే గట్టెక్కుతాను, పెట్టకపోతే ఇన్నేళ్ళ చదువూ గంగపాలు. మా ఆయన జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టరు. "డాక్టరమ్మా, కూర మాడుతాంది చూడు," అని అప్పటికే ఎగతాళి చేసేవాడు. ఆ పిలుపు ఉత్త ఎగతాళిగా మిగిలిపోతుందేమోనని లోపల నాకు చచ్చేంత భయం.

నిపుణుడు రావడానికి వారం ముందు, దుమ్ము గురించి పిల్లల మాటలు కొన్ని రాసుకుందామని మోక బస్సెక్కాను. బడిలో హెడ్‌మేడం ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చారు. తాగుతూ మా మిషన్ వైపు చూశాను. నీళ్ళు ముక్కులోకి పోయాయి.

మిషన్‌కు బొట్టుంది. ఎర్రటి కుంకుమ బొట్టు, సరిగ్గా ఆ గుండ్రటి రంధ్రం మీద.

"మేడం, ఇదేంది?"

"ఏందమ్మా? బొట్టు."

"ఎందుకు పెట్టినారు?"

"ఆయుధ పూజ గదా! సెలవులైనా వచ్చి చేసిపోతిమి. బోర్డుకు పెడితిమి, గంటకు పెడితిమి, అన్నం వండే గ్యాసు పొయ్యికి పెడితిమి. నీ మిషన్ ఒక్కటే బోసి నొసలుతో ఉంటే నాకు మనసొప్పుతాదా? పోయినసారి కంప్యూటర్‌కు మర్చిపోతే ఏమాయ? కాలిపాయ!"

"పెడితే పక్కన పెట్టచ్చు గదా మేడం! సరిగ్గా ఆ రంధ్రంలోనేనా?"

"గుండ్రంగా, నడిమధ్యలో ఉండాది. బొట్టుకే ఇడిచిన చోటనుకొంటి."

ఆ పండగ రోజు నా ల్యాప్‌టాప్‌కు, మా ఆయన కత్తెరకు నేనూ బొట్టు పెట్టినదాన్నే. ఆమెకు తెలియనిదల్లా ఈ మిషన్ గాలి పీలుస్తుందన్న సంగతి. అది బుద్ధిగా ఆ కుంకుమనే లోపలికి పీల్చుకుని, కళ్ళ నిండా నింపుకుని, లోకమంతా దుమ్మే అని రోజూ మాకు కబురు పెడుతోంది. దాన్నే మేం సత్యమనుకున్నాం!

అక్కణ్ణుంచే తెక్కలకోట బడి పీటీ మాస్టరుకు ఫోన్ చేశాను. "సార్, మన మిషన్‌కు పూజ ఏమన్నా..." అన్నానో లేదో, ఆయన అందుకున్నాడు. "మీరేం దిగులుపడొద్దండి మేడం, ఘనంగా చేసినాము! కుంకుమ, గంధం, ఇబూది. సాంబ్రాణి పొగ అయితే ఐదు నిమిషాలు దాని ముందరే పట్టినాము. దిష్టి తీసి గుమ్మడికాయ గూడా పగలగొట్టినాము." థాంక్స్ చెప్పి పెట్టేశాను.

కాలేజీకి వచ్చి చెబితే ఫిజిక్స్ సారు పొట్ట పట్టుకుని నవ్వారు. "సైన్సు జెప్పే బడుల్లో ఇట్ల జేస్తే ఎట్లమ్మా! పోనీలే, మేడ మీద మన పెద్ద మిషన్ ఉండాది గదా. దాన్ని బట్టి సరిజేసుకుందాం."

"సార్, అదీ లేచింది కదా?"

నవ్వు ఆగిపోయింది. ఇద్దరం గబగబా మెట్లెక్కాం. మేడ మీద పెద్ద మిషన్ పెళ్ళికూతురిలా ఉంది. మూడు ఇబూది గీతలు, వాటి మధ్యన రూపాయి బిళ్ళంత బొట్టు, ఎండిపోయిన చామంతి దండ, పక్కన నల్లబడిన నిమ్మకాయ.

"ఎవరు సార్ ఇది చేసింది?"

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "కొబ్బరికాయ గూడా నేనే కొట్టినా," అన్నారు.

మా ఇద్దరికీ అప్పుడొచ్చిన నవ్వు ఆగితే ఒట్టు. మండే ఎండలో, ఆ మేడ గచ్చు మీద, ఆయన గోడకు ఆనుకుని, నేను కొంగు నోట్లో కుక్కుకుని పడి పడి నవ్వాం. నవ్వి నవ్వి నేను ఏడ్చాను కూడా. నా చివరి అధ్యాయం పోయింది కదా.

ఎవరికీ చెప్పకుండా తుడిచేస్తే ఎవరికీ తెలియదు. ఆ మాట సోషియాలజీ సారు ఒకసారి అన్నారు, వెంటనే నాలిక్కరుచుకున్నారు. ఫిజిక్స్ సారే తెగించారు. "ఫొటో తీసి తెర మీద చూపియ్యమ్మా. బొట్టు పెట్టింది నేనేనని గూడా రాయి. గీత చూసి గంతేసినోణ్ణి నేను, దీనికి గూడా నేనే నిలబడతా." ఆ మాటకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

నిపుణుడు అనంతపురం నుంచి వచ్చారు, ఆయనా ఇలాంటి మిషన్‌తో దుమ్ము కొలిచి పేపర్లు రాసినాయనే. ఇస్త్రీ చొక్కా, నవ్వు తెలియని మొహం. బొట్టు ఫొటో తెర మీద పడగానే గదంతా గొల్లుమంది. ఆయన పెదవి కదల్లేదు.

"దసరా తర్వాతి కొలతలన్నీ పోతే మీ దగ్గర ఏం మిగిలింది?" అని అడిగారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. దసరాకు ముందటి కొలతలున్నాయి, అవి శుభ్రమైనవి. తర్వాత హాజరు ఎందుకు తగ్గిందో ఇళ్ళకు మళ్ళీ పోయి అడిగాను. పత్తి తీతకు, మిరప కోతకు పోయే అమ్మానాన్నలు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. దానికీ మా దుమ్ముకూ సంబంధం లేదు. ఇంతే సార్, అన్నాను. సంతకం కాగితం ఆయన చేతి కిందే ఉంది. నా చూపంతా దాని మీదే.

ఆయన పెన్ను మూత తీశారు, మళ్ళీ పెట్టేశారు. "ఒక్క నిమిషం," అని ఫోన్ తీసుకుని వరండాలోకి పోయారు. తలుపు ఓరగా ఉంది, మాటలు వినపడుతున్నాయి.

"ఏమప్పా, ల్యాబులో ఉండావా? మేడెక్కి మన మిషన్ చూడు... పైన గాదప్పా, ఆ రంధ్రం కాడ... ఊఁ... ఎర్రగానా?... గంధం గూడానా?... ఎవురు పెట్టినారు?"

ఫిజిక్స్ సారు బల్ల కింద నా కాలు తొక్కారు. మా మేడం కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు.

ఆయన వచ్చి కూర్చున్నారు. ఎవరి మొహమూ చూడకుండా సంతకం పెట్టి, కాగితం నా వైపు తోశారు.

"ఆ బొట్టు చాప్టర్ తీసెయ్యొద్దమ్మా," అన్నారు మెల్లగా. "దాన్నే మొదట పెట్టు. మా మిషన్ తుడిచి మళ్ళీ కొలిచేదాంక, నేను రాసినవి గూడా నేను నమ్మను."