ఆగని మోటరు

మొగులయ్యకు ఆగిన మోటరంటే గిట్టదు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లు బోరు మోటర్లు బాగుచేసిన మనిషి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక అన్న రోజుల్లో, రాగానే మోటరు దానంతటదే తిరిగేలా ఆటో స్టార్టరు బిగించడంలో అతణ్ణి మించినవాడు లేడు. ఎయిర్‌పోర్టు వచ్చి పొలాలు ప్లాట్లయ్యాక గగన్‌పహాడ్‌లో షెడ్డు వేసుకుని కార్ల వైరింగులోకి దిగాడు. నీళ్ల మోటరైనా పెట్రోలు మోటరైనా కరెంటు ఒకటే కదా అనేవాడు. పని వచ్చినవాడే, కాకపోతే తనకు తెలియనిది లేదనుకునే రకం.

2012 ఎండాకాలంలో మేనల్లుడు మల్లేశ్వర్ కారు తెచ్చాడు. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే సూపర్‌చార్జర్ పెట్టించాడట. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. అందుకని ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు తోసే పంపు మోటరుకు పన్నెండు వోల్టుల బదులు పదిహేడు అందించే బూస్టరు డబ్బా ఒకటి బిగించమన్నాడు. కంపెనీవాళ్ల సన్న వైరు మీద మొగులయ్యకు నమ్మకం కుదరలేదు. బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా లాగి, సీటు కింద స్విచ్చి పెట్టాడు. ఇంజను ఆపినా మోటరు గుయ్యిమంటూనే ఉంది. అది విని మురిసిపోయాడు కూడా. దిగేటప్పుడు స్విచ్చి ఆపుకోమని మాత్రం చెప్పి పంపాడు.

వారం తిరక్కుండా మైలార్‌దేవ్‌పల్లి నుంచి భార్గవ్ అనే ఇంజనీరు అదే పని మీద వచ్చాడు. మొగులయ్య అలాగే వైరు లాగాడు. పరీక్షకని ఇంజను ఆపగానే భార్గవ్ మొహం మారిపోయింది.

"ఇంజను ఆగింది కదండీ. పంపు ఇంకా ఎందుకు తిరుగుతోంది?"

ఆగదని, అదే తన పనితనమని మొగులయ్య నవ్వాడు. భార్గవ్ నవ్వలేదు. కారు దేనికైనా గుద్దుకుని పైపు తెగిందనుకోండి, ఇంజను ఆగితే పంపూ ఆగేలా కంపెనీవాళ్లు కట్టారు, మీరు కట్టింది మాత్రం కాలే ఇంజను మీద పెట్రోలు పోస్తూనే ఉంటుంది, అప్పుడు స్విచ్చి వెతికేదెవరు అన్నాడు.

మొగులయ్య జేబులోంచి ఫోను తీశాడు. ఆ పొద్దునే మల్లేశ్వర్ ఫోను చేశాడు, ముగ్గురు దోస్తులను ఆరాంఘర్‌లో ఎక్కించుకుని రింగు రోడ్డు మీద స్పీడు చూపిస్తానని.

మేనల్లుడి నంబరు నొక్కాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. అక్క భారతమ్మకు వాడొక్కడే కొడుకు. తొందరలో ఒకసారి నంబరు తప్పు నొక్కాడు. ఏమీ కాదులెండి అని భార్గవ్ ధైర్యం చెప్పబోతే, మాట్లాడొద్దని చేత్తోనే సైగ చేశాడు. బతుకులో అంత భయం అతనికి ఎన్నడూ తెలియదు.

ఆరోసారి ఎత్తాడు. గాలి హోరు, నవ్వులు.

"మామా, బండి ఉరుకుతలేదు, ఎగురుతున్నది. నీ చేతి పని కమాల్."

"జర మెల్లగ పక్కకు ఆపు బిడ్డా. స్విచ్చి బంద్ చేసి అందరు దిగుండ్రి. నేను తప్పు కట్టిన."

హోరులో వాడికి వినబడలేదు. ఏంది మామా అన్నాడు.

"బండి ఆపి దిగుండ్రి. తప్పు కట్టిన బిడ్డా, నేనే తప్పు కట్టిన" అని మొగులయ్య షెడ్డు బయట రోడ్డు దాకా వినబడేలా అరిచాడు.

కాసేపటికి ఫోనులో గాలి ఆగింది. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే తెరుచుకున్న చప్పుడు విన్నాకే అతను నేల మీద కూలబడ్డాడు.