మరమగ్గాల షెడ్డులో మైకు చెవుల పరీక్ష

పై వాటా ఆవిడతో ఆ వీధిలో ఎవరూ పెట్టుకోరు. ఆవిడ నోరు విప్పిందంటే ఎదుటి మనిషి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, వాళ్ళింటి చీపురుకట్ట దాకా దేన్నీ వదిలిపెట్టదు. అలాంటి ఆవిడను చిన్నది ఒక్క పూటలో మట్టి కరిపించింది. పెద్దామె కళ్ళారా చూసిన సంగతి.

చిన్నదంటే పెద్దామెకు తోడికోడలు. ఇద్దరి కాపురాలూ పక్కపక్క గదుల్లోనే, పనీ ఒకే మరమగ్గాల షెడ్డులోనే. చిన్నది లోపల మగ్గాలు నడుపుతుంది. పెద్దామె తలుపులు మూసిన పక్క గదిలో కూర్చుని కండెలకు నూలు చుడుతుంది. షెడ్డులో చిన్నదానికి మైకు అని పేరు. కాస్త మెల్లగా మాట్లాడవే అంటే, "మెల్లగానే కదా మాట్లాడుతున్నాను!" అని వీధి చివరిదాకా చెబుతుంది.

ఆ రోజు పై వాటా ఆవిడ గది కడిగిన నీళ్ళు కిందికి గుమ్మరించింది. అవి పోయి పోయి చిన్నది ఆరేసిన బట్టల మీద పడ్డాయి. చిన్నది నడుం మీద చేతులు పెట్టుకుని వీధిలో నిలబడి అందుకుంది. పై వాటా ఆవిడ బాల్కనీలో వేలాడుతున్న దుప్పటి వెనకనుంచి బదులిచ్చింది. ఏం తిట్లవి! ఈ వయసులో పెద్దామె అంతటిది కూడా కొత్తవి నేర్చుకుంది. చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చిన్నది మాత్రం చలించలేదు. ఎంత పెద్ద తిట్టు పడినా కనురెప్ప అల్లార్చకుండా బట్టల గురించి, సబ్బు గురించి, మనిషన్నాక ఉండాల్సిన బుద్ధి గురించి తన ధోరణిలో తాను చెప్పుకుంటూ పోయింది. చివరికి పై వాటా ఆవిడకే ఏడుపొచ్చింది. దుప్పటి పక్కకు లాగి, "నువ్వు మనిషివా, రాయివా!" అని లోపలికి పోయి తలుపేసుకుంది. సాయంత్రానికి ఆ బట్టలన్నీ తనే ఉతికి ఇచ్చింది.

"చూశావా అక్కా, ఒక్కదానికీ ఎదురు చెప్పలేకపోయింది," అంది చిన్నది.

ఎన్ని మాటలు పడినా లెక్కచెయ్యని ఆ నిబ్బరానికి పెద్దామె పొంగిపోయింది. తమ ఇంట్లో వీరనారి ఉందని కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంది.

షెడ్డులో మగ్గాలు ఆడుతున్నంతసేపూ ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. అక్కడివాళ్ళు మాటలు పైకి అనరు. పెదవులు కదుపుతారు, చేతులు తిప్పుతారు. అవతలి వరుసలో ఉన్న మనిషి మూతి చూసి, వాళ్ళింట్లో పొద్దున ఏ కూర మాడిందో ఇవతల నవ్వుకుంటారు. అందులో చిన్నదాన్ని మించినవాళ్ళు లేరు. సూపర్‌వైజర్ అద్దాల గదిలో కూర్చుని ఫోన్లో పెళ్ళానికి క్షమాపణ చెబితే, భోజనాల వేళకి అది షెడ్డంతా పాకిపోయేది.

అలా ఉండగా సూపర్‌వైజర్ ఒకనాడు, అందరికీ వినికిడి పరీక్ష చేస్తారని చెప్పాడు. ఆ వెంటే ఒక పుకారు లేచింది. పరీక్షలో తప్పినవాళ్ళను మడత గదికి పంపేస్తారట. మడత గదంటే బట్ట మడతలు వేసే చోటు. సూపర్‌వైజర్ బల్ల ఎదురుగా వరుసగా కూర్చుని, గోడకేసి చూస్తూ, నోరు మూసుకుని మడవాలి. చిన్నదాని గుండెల్లో రాయి పడింది. "నన్ను అందులో కూర్చోబెడితే సాయంత్రానికి పొట్ట పగిలి పోతాను అక్కా," అంది.

సామాన్ల గదిలో బీరువాంత డబ్బా ఒకటి నిలబెట్టారు. దానికి ఒక అద్దం. లోపల చిన్నది, చెవుల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. బయట పరీక్ష చేసే అమ్మాయి. చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి, అంతే. తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న పెద్దామెకు అంతా కనిపిస్తూనే ఉంది.

చిన్నది టకటకా నొక్కేస్తోంది. ఆ అమ్మాయి చెయ్యి మీట మీదికి పోవడం ఆలస్యం, ఇక్కడ బటన్ పడుతోంది. భుజం కదిలితే నొక్కింది. కళ్ళజోడు సర్దుకుంటే నొక్కింది. ఆ అమ్మాయికి అనుమానం వచ్చి మీట వదిలేసి ముక్కు గోక్కుంది. నొక్కింది. ఆ అమ్మాయి సీసా తీసి నీళ్ళు తాగింది. గుటక గుటకకీ నొక్కింది. ఇంతలో ఆ అమ్మాయికి నిజంగానే తుమ్మొచ్చింది. చిన్నది అది చాలా పెద్ద చప్పుడు కాబోలని గట్టిగా పట్టుకుని నొక్కింది.

ఆ అమ్మాయి తలుపు తీసింది. "నా ముక్కు దురద కూడా వినబడిందా అండీ మీకు?"

"స్పష్టంగా వినబడింది," అంది చిన్నది, గర్వంగా.

"మీరు చెవులతో వినడం లేదండీ. నన్ను చూసి నొక్కుతున్నారు. ఇది పరీక్ష కింద లెక్కకు రాదు. రేపు పొద్దున మగ్గం దగ్గరికి పోకముందే రండి, మళ్ళీ చేద్దాం."

చిన్నది మూతి ముడుచుకుని పోయింది. పెద్దామె వంతు వచ్చింది. ఆవిడకు అన్నీ వినబడ్డాయి. అది చాలక, ఆ అమ్మాయి కడుపులో ఆకలి కూడా వినబడుతోందని చెప్పి వచ్చింది. వస్తూ వస్తూ, "చెవి తగ్గినవాళ్ళను మడత గదికి తోలేస్తారా?" అని నిలదీసింది.

"అది మా చేతుల్లో లేదమ్మా. ముందు ఈలలాంటి సన్నటి చప్పుళ్ళు పోతాయి. పోతున్నట్టు ఎవరికీ తెలియదు. అప్పుడే పట్టుకుంటే, చెవి బిరడాలు పెట్టించి మగ్గం దగ్గరే ఉంచమని మేం చెప్పగలం. పోయింది తిరిగి రాదు గానీ, మిగిలింది నిలబడుతుంది."

చెవి బిరడాలు నిరుడు కూడా ఇచ్చారు. చిన్నది వాటిని ఊగే బల్ల కాళ్ళ కింద పెట్టింది. బల్ల ఇప్పుడు బాగానే ఉంది.

ఆ సాయంత్రం చిన్నది గోడవైపు తిరిగి బట్టలు మడుస్తోంది. పొయ్యి మీద కెటిల్ పెట్టి ఉంది. పెద్దామె గుమ్మంలో నిలబడి, "ఏమే," అంది. బదులు లేదు. "నీ వంట తిని మా మరిది సగమయ్యాడే." బదులు లేదు. పెద్దామెకు ఉత్సాహం వచ్చింది. కాపురానికి వచ్చిన నాటినుంచి మర్యాదకు మింగిన మాటలన్నీ కడుపులో నిలవ ఉన్నాయాయె. ఒక్కొక్కటే తీసి వడ్డించింది. నడక బాతు నడకంది, గుర్రు పెడితే గోడలు అదురుతున్నాయంది. మూలన కూర్చున్న మరిది నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాడు.

అప్పుడు కెటిల్ కూత పెట్టింది. సన్నటి కూత, వీధి కుక్క కూడా తలెత్తేంతటిది. చిన్నది చొక్కా మడిచింది. తువ్వాలు అందుకుంది. కెటిల్ కూస్తూనే ఉంది. మరిది నవ్వు ఆగిపోయింది. పెద్దామె వెళ్ళి పొయ్యి ఆపింది.

"ఎప్పుడొచ్చావక్కా? చప్పుడు చెయ్యకుండా దొంగలా రావడమేమిటి?" అంది చిన్నది ఉలిక్కిపడి.

"చప్పుడంతా చేసే వచ్చానులే. నీకు చెవులు పోతున్నాయే."

"నీకు నోరు పోతుంది! ఎవరన్నారు ఆ మాట? పై వాటా ఆవిడను మట్టి కరిపించినదాన్ని నేను!"

"ఆవిడ నిన్నేమందో చెప్పు చూద్దాం."

"ఏమంది? ఏమీ అనలేదు. మూగదానిలా దుప్పటి వెనక నిలబడింది."

పెద్దామె తువ్వాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుని, ఆ తిట్లన్నీ పొల్లు పోకుండా అప్పగించింది.

"ఆ గుడ్డ తీసి చెప్పక్కా, ఏమంటున్నావో తెలియడం లేదు," అంది చిన్నది.

పెద్దామె తువ్వాలు తీసి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

చిన్నది ముఖం ఎర్రబడింది. "అంత మాటందా! మా అమ్మనా! నా చీపురునా! ఉండు, దాని సంగతి ఇప్పుడే తేలుస్తాను!" అని ఒంటి కాలి మీద లేచింది. మరిది గుమ్మానికి అడ్డం పడ్డాడు. "బట్టలు ఉతికిచ్చింది కదే! ఆరిపోయి, కట్టుకుని, చిరిగిపోయాయి కూడా!" అన్నాడు.

చిన్నది చతికిలబడింది. కాసేపటికి తనకు చేతనైనంత చిన్న గొంతుతో, అంటే పక్కింటికి మాత్రమే వినబడేలా, అడిగింది. "అయితే నేను గెలవలేదా అక్కా?"

"గెలిచావు. వినకుండా గెలిచావు. రేపు మీ ఆయన పిలిచినా అలాగే గెలుస్తావు."

పెద్దామె ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పింది. చిన్నది కెటిల్ వంకే చూస్తూ విన్నది. కాదు, మధ్యమధ్యలో పెద్దామె మూతి వంక చూస్తూ విన్నది.

"మడత గదికి పంపితే?"

"పంపకపోవచ్చు. పంపినా నోరు నీ దగ్గరే ఉంటుంది. దాన్ని ఎవరు మూయగలరే?"

చిన్నది చాలాసేపు తువ్వాలును నలిపింది. తర్వాత దాన్ని పెద్దామె ఒళ్ళో పడేసింది.

"రేపు నాతో రా అక్కా. ఆ పిల్ల నా కుర్చీ గోడవైపు తిప్పుతుంది, నాకు తెలుసు. తిప్పినా లాభం లేదు, ఆ డబ్బా గోడలన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. ఎక్కడో ఒకచోట దాని చెయ్యి నాకు కనబడుతుంది. చూడకూడదనుకున్నా నా కళ్ళు ఊరుకోవు. లోపలికి పోయే ముందు ఈ గుడ్డ నా కళ్ళకు కట్టు. గట్టిగా కట్టు. కాస్త వదులు చెయ్యమని నేనెంత బతిమాలినా, నిన్నెన్ని తిట్టినా, నువ్వు మాత్రం చెయ్యకు."