మాయాబందర్ దగ్గర ఆమెన్

ఆ రోజుల్లో ఇంట్లోని వస్తువుల నుంచి పిల్లల్ని కాపాడటం అనే మాటే లేదు. పిల్లలకు అందకుండా వస్తువుల్నే దాచేసేవాళ్ళు. పాకే పిల్లాడు వస్తున్నాడంటే చాలు, సంసారమంతా నేల వదిలి గాల్లోకి లేచేది. కత్తిపీట దూలం మీదికి, అడకత్తెర అటక మీదికి, కొబ్బరికాయలు కొట్టే కత్తి చూరులోకి, కిరసనాయిలు సీసా గోడమేకుకు. అవన్నీ నాన్న చేత ఎక్కించాక గానీ అమ్మకు గుర్తొచ్చేది కాదు, కూర ఇంకా తరగలేదని. (నాన్న మళ్ళీ డ్యూటీ నుంచి వచ్చి దించేదాకా మాకు ఆ పూట పప్పే.) మేముండే దీవిలో, రంగత్‌లో, అన్నీ చెక్క ఇళ్ళు. వాననీళ్ళూ జెర్రులూ లోపలికి రాకుండా మనిషి నడుమెత్తు గుంజల మీద కట్టినవి. ముందు వరండా, వరండా నుంచి దిగడానికి చెక్క మెట్లు. నాన్న ఫారెస్టు డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడు, చుట్టూ ఎటు చూసినా కలపే, అయినా మా వరండాకు నాలుగు అడ్డకర్రలు కొట్టించడం మాత్రం మా చిన్నతనం గడిచిపోయేదాకా ఆయనకు వీలు కాలేదు. అందుకని తల్లులు పాత చీరె పీలిక ఒకటి పిల్లాడి నడుముకు కట్టి, రెండో కొస గుంజకు ముడేసేవాళ్ళు. ఆ పీలిక పొడుగు ఎంత ఉండాలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. పిల్లాడు గుమ్మం దాకా వెళ్ళాలి, గుమ్మం దాటకూడదు.

చిక్కంతా ఇంటి ప్రార్థనతో వచ్చింది. రంగత్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్నే. వారానికో సాయంత్రం ఒక్కో ఇంట్లో కూడేవాళ్ళం. పొద్దస్తమానం ఆఫీసుల్లో, బజారులో, చివరికి కోడిని అదిలించడానికి కూడా హిందీయే మాట్లాడి వచ్చిన పెద్దవాళ్ళు, ఆ ఒక్క పూట నోరారా తెలుగులో పాడుకుని, తెలుగులో దేవుణ్ణి అడగాల్సినవి అడిగేవాళ్ళు. పిల్లల్ని కట్టెయ్యడం అక్కడ మాత్రం కుదిరేది కాదు. మా పాస్టరమ్మగారు ఒకసారి చూసి, "ప్రార్థన జరిగేచోట పిల్లల్ని మేకల్లా కట్టడమేంటమ్మా, విప్పండి" అన్నారు. విప్పారు. తర్వాత అందరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా కళ్ళు మూసుకుని, పాకే పిల్లల్ని విప్పి వదిలేసే చోటు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

పైగా ప్రార్థన చేసేది లాంచి మావయ్య. ఆయన అమ్మకు వరసకు అన్న, గవర్నమెంటు లాంచిలో సరంగు, అంటే దాన్ని నడిపే పెద్ద. ఆయన ప్రార్థన కూడా లాంచిలాగే పోర్ట్ బ్లెయిర్‌లో బయలుదేరి ప్రతి జెట్టీలోనూ ఆగేది. ముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మనవాళ్ళందరూ పేరు పేరునా. అక్కడి నుంచి రోడ్డు మీద తుష్నాబాద్ వెళ్ళి బావమరిది వరిచేనునీ, కూరగాయల మళ్ళనూ ఆశీర్వదించమని అడిగి, వెనక్కి వచ్చి లాంచి ఎక్కి ఉత్తరానికి. లాంగ్ ఐలాండ్‌లో కాసేపు. రంగత్ రాగానే ఎవరి పేరు ముందు వస్తుందోనని మేమంతా కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్ళం. తర్వాత మాయాబందర్. చిట్టచివర డిగ్లీపూర్. అక్కడ ఆయన సొంత చెల్లెలు ఉండేది. ఆవిణ్ణి అంత దూరం ఇచ్చారని ఆయనకు ఎప్పుడూ దిగులే. ఏడాదికి ఒక్కసారి చూస్తే చూసినట్టు, అందుకని వారం వారం ఆవిడ కోసం మాత్రం గొంతు కాస్త తగ్గించి, నెమ్మదిగా అడిగేవాడు. డిగ్లీపూర్‌లో లంగరు పడితే ఆమెన్ వచ్చినట్టు. కూడిక ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లాలు టీ కూడా ఈ లెక్కనే పెట్టేది. లాంగ్ ఐలాండ్‌లో స్టవ్ వెలిగించడం, రంగత్‌లో టీపొడి వెయ్యడం, మాయాబందర్‌లో గిన్నె దించడం. (గడియారం ఉన్న ఇళ్ళలో కూడా ఇదే పద్ధతి. గడియారం తప్పేది గానీ మావయ్య తప్పేవాడు కాదు.)

అలాంటి ఒక సాయంత్రం మా ఇంట్లో, మావయ్య ఇంకా తుష్నాబాద్‌లో ఉండగా, ఆయన మనవడు గుండుగాడు వాళ్ళమ్మ ఒళ్ళోంచి జారి, వరండా దాటి, వెనక్కి తిరిగి మెట్లన్నీ దిగేశాడు. గుండుగాడు అంటే మావయ్య కూతురు, మా వదిన కొడుకు. ఎండకు తలంతా పొక్కులు లేస్తే జుట్టు తీయించేశారు, అప్పట్నుంచీ వాడికి అదే పేరు. ఆమెన్ అన్నాక అందరూ కళ్ళు తెరిచారు, వదిన ఒళ్ళు చూసుకుంది, ఒళ్ళో ఎవరూ లేరు. కేకలు మొదలయ్యేలోగా పక్కింటి బెంగాలీ దీదీ మెట్లెక్కి వచ్చింది. చంకలో గుండుగాడు, వాడి పిడికిట్లో మరమరాలు. దీదీ మా అందరినీ ఒకసారి కలియజూసి, "సబ్ లోగ్ ఆంఖ్ బంద్ కరేగా, తో బచ్చా కో కౌన్ దేఖేగా?" అంది. అందరూ కళ్ళు మూసుకుంటే పిల్లాణ్ణి ఎవరు చూస్తారు అని. ఆ ప్రశ్నతో పాస్టరమ్మగారు ఆలోచనలో పడ్డారు.

ఆ ఆలోచన ఫలితమే నా ఉద్యోగం. మరుసటి వారం ఆవిడ, "ఇకమీదట ఒక పిల్ల కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి. ఎవర్ని పెడదాం?" అని అడిగారు. అమ్మ నావైపు చూడనైనా చూడకుండా, "మా దాన్ని పెట్టండమ్మా. ఇదెలాగూ మూసుకోదు" అంది. అంతమందిలో అలా అన్నందుకు కొంచెం నొచ్చుకున్నాను గానీ, ఉద్యోగం దొరికిన సంబరం ముందు అదెంత. అన్నయ్యకు కుళ్ళు. "కళ్ళు తెరిచి చేస్తే ప్రార్థన పైకి పోదంట. అందరికీ దీవెనలొస్తాయి, నీకు మాత్రం రావు, దేఖ్ లేనా" అని బెదిరించాడు. నాకు నిజంగానే గుబులు పట్టుకుంది. వెళ్ళి పాస్టరమ్మగారిని అడిగితే ఆవిడ నవ్వి, "నీ వాటా నేను అడుగుతాలే. నువ్వు పిల్లల్ని చూడు. నోరు మాత్రం మెదపకు, ప్రార్థన ఆగకూడదు" అన్నారు.

ఆ ఉద్యోగంలో నేను చూసినవి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ పేర్లు చెప్పను. గోడకు ఆనుకుని నిద్రపోయే పెద్దాయన ఒకరు, సరిగ్గా ఆమెన్‌కు మెలకువ తెచ్చుకుని అందరికంటే గట్టిగా పలికేవారు. ఒకావిడ కళ్ళు మూసుకునే పక్కావిడ చీరె అంచు వేళ్ళతో తడిమి చూసేది. పాస్టరమ్మగారు నన్ను నమ్మి ఉద్యోగం ఇచ్చారా, అయినా మధ్యమధ్య ఒక కన్ను తెరిచి నేను చూస్తున్నానో లేదో చూసుకునేవారు. పిల్లల సంగతి నాకు నాలుగు వారాల్లో బాగానే పట్టుబడింది. మెట్లవైపు పాకేవాడికి బిస్కెట్టు ముక్క, దీపం వైపు చెయ్యి చాపేదానికి కళ్ళెర్ర చెయ్యడం, పక్కవాణ్ణి కొరికేవాడికి వేలితో బెదిరింపు. నోరు మెదపకుండా ఇంత పని చెయ్యవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కూడిక తిరిగి తిరిగి మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఆ వేళ జనం ఎక్కువ. మాయాబందర్ నుంచి పని మీద వచ్చిన చుట్టాలు కూడా ఉండటంతో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. నేను మామూలుగానే వరండా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను, అన్నిటికంటే భయం ఆ మెట్లతోనే కాబట్టి. మావయ్య బయలుదేరాడు. లాంగ్ ఐలాండ్‌లో అమ్మ చప్పుడు కాకుండా లేచి వెనక వంటింట్లోకి వెళ్ళింది. రంగత్‌లో టీపొడి వాసన వచ్చింది. మాయాబందర్‌లో అమ్మ కాగిన టీ గిన్నె దించి, వంటింట్లో చోటు చాలక, రెండు గదుల మధ్య గుమ్మంలో నేల మీద పెట్టింది. గిన్నె పట్టుకున్న తువ్వాలును దాని మీదే వేసి, ఇంకెంత, డిగ్లీపూరే కదా అనుకుని, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

అయితే ఆ వేళ ఎదురుగా మాయాబందర్ వాళ్ళే కూర్చుని ఉన్నారాయె. మావయ్య అక్కడి జెట్టీ నుంచి కదలడం లేదు. ఒక్కో ఇల్లూ, ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషీ. అప్పుడు చూశాను గుండుగాణ్ణి. వరసల మధ్య నుంచి, ఎవరి కాలికీ తగలకుండా, ఆ చివరికి చేరిపోయాడు. వాడి చూపంతా గిన్నె మీంచి వేలాడుతున్న తువ్వాలు మీద ఉంది. నేను ఈ చివర, వాడు ఆ చివర, మధ్యలో ఊరంత జనం. బిస్కెట్టు చూపించాను, వాడు వెనక్కి తిరిగితే కదా. లేచి వెళదామంటే అడుగు పెట్టే సందు లేదు. అమ్మా అని అరిస్తే అరవొచ్చు, గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఎవరో ఒకరికి అమ్మే, ఎవరు ఎటు చూస్తారో. వాడు కూర్చున్నాడు. తువ్వాలు అంచు పట్టుకున్నాడు. అంతమంది చేత ఒకేసారి కళ్ళు తెరిపించే మాట ఈ లోకంలో ఒక్కటే ఉంది, అదే నా నోట్లోంచి వచ్చింది.

"ఆమెన్" అన్నాను, నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి.

అందరూ ఆమెన్ అన్నారు. నిద్రపోతున్న పెద్దాయన అలవాటు ప్రకారం అందరికంటే గట్టిగా అన్నారు. కళ్ళన్నీ తెరుచుకున్నాయి, అమ్మ కళ్ళు కూడా. ఎదురుగా గుండుగాడు తువ్వాలు లాగుతున్నాడు, గిన్నె అప్పటికే వాడివైపు ఒరుగుతోంది. అమ్మ ఒక చేత్తో వాణ్ణి రెక్క పట్టుకుని పక్కకు లాగేసింది, రెండో చేత్తో గిన్నెను అటు తోసేసింది. టీ అంతా చెక్కల సందుల్లోంచి కిందికి కారిపోయింది. ఇంటి కింద పడుకున్న కుక్క ఒక్క అరుపు అరిచి దీదీ వాళ్ళ ఇంటివైపు పరిగెత్తింది. అమ్మ వేళ్ళు రెండు ఎర్రగా కమిలాయి. గుండుగాడికి మాత్రం చుక్క కూడా తగల్లేదు. ఆడుకునేది లాగేసుకున్నారని ఏడుపు మొదలుపెట్టాడు, అంతే.

ఇంత జరిగినా కళ్ళు తెరవని మనిషి ఒకరున్నారు. మావయ్య చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయాడు, ఏదో ఇంటి పేరు సగంలో ఆగిపోయింది. మెల్లగా కళ్ళు తెరిచి, "ఎవులన్నారది?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నాకు ఏడుపు వచ్చేలా ఉంది. అమ్మే చెప్పింది, తువ్వాలు సంగతీ, గిన్నె సంగతీ. మావయ్య వదిన చేతుల్లోంచి మనవణ్ణి తీసుకుని, అరచేతులు తిప్పి చూశాడు, పొట్ట చూశాడు, అరికాళ్ళు చూశాడు. సముద్రంలో ఎంత గాలికీ బెదరని మనిషి, చూసిందే మళ్ళీ చూశాడు. తర్వాత పిల్లాణ్ణి ఎత్తుకుని, నన్ను దాటుకుని, వరండాలోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. నోరు మెదపకూడదన్నది ఒక్కటే నియమం, దాన్నే కాదని పెద్దవాళ్ళ ప్రార్థనను మధ్యలో తెంపేశాను. లోపల అమ్మ మళ్ళీ టీ పెడుతోంది, పాస్టరమ్మగారు ఆవిడ వేళ్ళకు ఏదో రాస్తున్నారు. అంతలో మావయ్య వెనక్కి తిరక్కుండానే, "ఇలా రాయే, గుంటా" అని పిలిచాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"డిగ్లీపూర్ ఇంకా రానేదు కదే" అన్నాడు.

"మావయ్యా, వాడు..."

"తెలుసు. మంచి పని చేసినావు. కానీ నా చెల్లి ఉండిపోనాదే అక్కడ. ఒక్క వారం కూడా దాని కోసం అడక్కండా నేను ఉండనేదు." పక్కకు జరిగి మెట్టు మీద నాకు చోటిచ్చాడు. "కూకో. నువ్వు కళ్ళు తెరుసుకొనే ఉండు. నేనూ తెరుసుకొనే సేత్తాను. ఈడు మెట్ల మీదున్నాడు, ఆంఖ్ బంద్ కరేగా తో కైసే?"

అలా కూర్చుని ఆయన చెల్లెలి కోసం అడగడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో గుండుగాడి పాదం గట్టిగా పట్టుకుని, కళ్ళు వాడి మీంచి కదల్చకుండా, ఆవిడకు ఒంట్లో బాగుండాలనీ, ఇంటి ముందు వాగు దాటేటప్పుడు కాలు జారకూడదనీ, ఈ ఏడైనా ఒకసారి చూసుకోనిమ్మనీ, చాలా మామూలు మాటల్లో అడిగాడు. నేను చీకటి పడుతున్న రోడ్డు చూస్తూ విన్నాను. అంతా అయ్యాక నావైపు తిరిగి, "ఆఁ, ఇప్పుడను" అన్నాడు. నేను ఆమెన్ అన్నాను. ఈసారి చాలా చిన్నగా అన్నాను.

తర్వాతి వారం నుంచి లాంచి దారి మారింది. మావయ్య డిగ్లీపూర్‌లోనే బయలుదేరి దక్షిణానికి వచ్చేవాడు. టీ మాత్రం ఆమెన్ అన్నాకే పెట్టాలని ఇల్లాళ్ళందరూ తీర్మానించుకున్నారు, దాంతో ఇళ్ళకు చేరేసరికి అన్నం ఆలస్యమయ్యేది. నా ఉద్యోగం పోలేదు సరికదా, అవసరమైతే ఆమెన్ అనే అధికారం కూడా పాస్టరమ్మగారు ఇచ్చారు. (అన్నయ్య ప్రార్థన చేసిన రోజున ఒకసారి, ఏ అవసరమూ లేకుండానే వాడుకున్నాను.) పెళ్ళయ్యేదాకా అదే పని చేశాను. పెళ్ళయ్యాక నా పిల్లలు, వాళ్ళ తర్వాత మనవలు, ఎప్పుడూ ఎవరో ఒకరు మెట్ల దగ్గరో పొయ్యి దగ్గరో పాకుతూనే ఉన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడం ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే తల నెరిసింది.

ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాం. మనవలు కాలేజీకి వచ్చేశారు, ఇంట్లో పాకేవాళ్ళు ఎవరూ లేరు. మొన్నామధ్య బాత్రూంలో కాలు జారి పడ్డాను, పెద్దగా ఏమీ కాలేదు గానీ ఇంట్లోవాళ్ళు కంగారుపడ్డారు. ఆ వారం ఇంటి ప్రార్థనలో నేను అలవాటు కొద్దీ కళ్ళు తెరిచే ఉన్నాను, చూడటానికి ఎవరూ లేకపోయినా. గదిలో ఇంకో రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నా కోడలు, నేను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు కాళ్ళవైపే చూస్తోంది. నన్ను చూసి తడబడి, "మీరు కళ్ళు మూసుకోరా అత్తమ్మా?" అని గుసగుసలాడింది.

"నువ్వు మూసుకోవేం?"

"మీరు పడిపోతారేమోనని. ఆప్ బంద్ కరో న, నేను చూస్తున్నాగా."

నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. సరేనని మొదటిసారి హాయిగా కళ్ళు మూసుకున్నాను.