రెండో వేలు

ఆఫీసులో అతన్ని వెనకాల దొర అనేవారు, ఎదురుగా సార్ అనేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. పైకి అనలేదు గానీ, మొదటి పేరే అతనికి ఎక్కువ నచ్చేది.

మనుషుల్ని చూసి పెదవి విరవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. బడిలో లెక్క తప్పు చేసినవాడి పక్కన కూర్చోనని మొండికేశాడట. పెళ్ళయిన కొత్తలో భార్య టీవీ రిమోటు తిరగేసి పట్టుకుంటే, వచ్చినవాళ్ళకల్లా ఆ ముచ్చట చెప్పి నవ్వేవాడు. లిఫ్టు కోసం పైకీ కిందికీ రెండు మీటలూ కలిపి నొక్కే పక్కింటాయన్ని చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయేది. "ఎటు వెళ్ళాలో తెలియనివాడు ఇంట్లో కూర్చోవచ్చుగా" అనేవాడు, ఆయనకి వినపడేలాగే.

ఇలాంటివాడికి దొరికిన ఉద్యోగం, జనం వేళ్ళ బాగోగులు చూసుకోవడం.

ఆసుపత్రుల్లో, స్టేషన్లలో, పెద్ద దుకాణాల్లో గాజుతెరలు నిలబెడతారు. వాటి మీద బొమ్మలు, రంగులు, అక్షరాలు వేరేవాళ్ళు చూసుకుంటారు. వేలు పడ్డప్పుడు ఏం జరగాలో రాయడం దొర పని. అందుకు ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట ఒకటి ఉంది, దాన్ని లైబ్రరీ అంటారు. గాజు మీద వేలు దిగగానే అది కబురు పంపుతుంది. వేలు జరిగితే జరిగిందని, లేస్తే లేచిందని మళ్ళీ కబుర్లు. ఒకేసారి రెండు వేళ్ళు పడితే తికమక లేకుండా దేని నంబరు దానికి ఇస్తుంది. ఆ కబుర్లు అందుకుని, ఏది నొక్కడమో ఏది ఊరికే తగలడమో తేల్చుకోవలసినవాడు దొర.

దొర చాలా తేలిగ్గా తేల్చేశాడు. ముందు దిగిన వేలు లేచేదాకా దాని మాటే వినాలి. ఈలోగా మరొకటి దిగితే దాని గోల మనకి అక్కర్లేదు. రెండో వేలు వస్తే ఏం చెయ్యాలో రాయవలసిన చోట ఖాళీ వదిలేశాడు. పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఖాళీ చూసింది.

"సార్, ఇక్కడ రెండో టచ్ వస్తే?"

"ఎందుకొస్తుంది?"

"ఏమో సార్, ఎవరైనా రెండు చేతులూ పెడితే..."

"రెండు చేతులూ పెట్టేవాడికి టోకెన్ ఎందుకమ్మా? ఇంటికెళ్ళి పిండి కలుపుకోమను."

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ ప్రోగ్రాము పెట్టుకున్న తెర ఒకటి పెద్దాసుపత్రి హాల్లోకి వచ్చి కూర్చుంది. నడుమెత్తులో, కాస్త వాలుగా, బల్లలాగా బిగించారు. ఏ డాక్టరు కావాలో ఆ మీట నొక్కితే టోకెన్ చీటీ బయటికి రావాలి. ఆ హాల్లోనే రిసెప్షన్‌లో దొర భార్యకి అక్క పని చేసేది. చాలా ఏళ్ళుగా అదే కుర్చీ. వచ్చినవాళ్ళ మొహం చూసి ఏ గదికి పంపాలో చెప్పేసే మనిషి. మిషన్ వచ్చిన కొద్ది రోజులకే ఆవిడ ఫోన్ చేసింది.

"మరిదిగారూ, మీ మిషన్ కొందరికి పలుకుతోంది, కొందరికి పలకట్లేదు."

"మిషన్‌కి తనవాళ్ళూ పరాయివాళ్ళూ అని ఉండదు వదినా. నొక్కడం రానివాళ్ళకి పలకదు, అంతే."

"ఇందాక ఒక హెడ్మాస్టరుగారికి పలకలేదు."

"పిల్లల్ని కొట్టడం వచ్చినంత మాత్రాన తెర నొక్కడం వచ్చేస్తుందా?"

వదిన ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి రద్దీ పెరిగినప్పుడల్లా తన కుర్చీ వదిలి, మిషన్ పక్కన నిలబడి, అడిగినవాళ్ళకి తనే నొక్కిచ్చేది. ఆవిడ వేలికి తెర ఎప్పుడూ పలికేది. ఆ సంగతి దొర చెవిన పడి, తన మాటే రుజువైందని మురిసిపోయాడు.

ఫిర్యాదులు ఆగకపోయేసరికి మేనేజరు ఒకసారి వెళ్ళి చూసిరమ్మన్నాడు. దొర వెళ్ళాడు. కాఫీ మిషన్ పక్కన గోడకి చేరి, చేతులు కట్టుకుని, జంతుప్రదర్శనశాలకి వచ్చినవాడిలా చూశాడు. ఒకాయన వేలి కణుపుతో తలుపు తట్టినట్టు తడుతున్నాడు. ఒకాయన పుస్తకం పేజీ తిప్పేవాడిలా వేలు నాలిక మీద అద్దుకుని మరీ నొక్కుతున్నాడు. ఒకావిడ తెరని బతిమాలుతోంది. ఇక నిలబడే తీరు చూస్తే అతనికి రోత పుట్టింది. ఒక్కరికీ వెన్ను నిలవదు. వచ్చినవాడల్లా ఎడమచెయ్యి తెర అంచున ఆనించి, గడ్డిమోపులా దాని మీదికి వాలిపోయి, అప్పుడు కుడిచేత్తో నొక్కడం మొదలెడతాడు. "ఇంట్లో సోఫా అనుకుంటున్నారు" అనుకున్నాడు దొర. చూడవలసినదంతా కళ్ళారా చూశాడు, చూసినదాన్ని అసహ్యించుకున్నాడు, అక్కడితో అతని పని అయిపోయింది.

తిరిగి వచ్చి రెండు మందులు రాశాడు. ఒకటి, తెర తాకే పద్ధతి బొమ్మలతో గోడకి అంటించాలి: ఒక వేలు పెట్టండి, నొక్కండి, వేలు తియ్యండి. రెండోది ఆసుపత్రి అధికారితో ఫోన్లో అన్నాడు. "మీ రిసెప్షన్‌వాళ్ళు పక్కన నిలబడి నొక్కిస్తుంటే జనం ఎప్పటికీ నేర్చుకోరండీ. ముందు ఆ అలవాటు మాన్పించండి."

అధికారి హాలు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా వదినకి చెప్పాడు. ఇక మీదట మిషన్ దగ్గరికి వెళ్ళొద్దనీ, కుర్చీలోంచి లేవొద్దనీ. ఆ సాయంత్రం దొర భార్య మొహం మాడ్చుకుని కూర్చుంది.

"అక్కని అందరి ముందూ కడిగేశారట. మీరే చెప్పారా?"

"నేను ఎవరి పేరూ చెప్పలేదు."

"ఆ మిషన్ దగ్గర నిలబడేది అక్కొక్కతేగా. ఇంకా పేరెందుకు చెప్పడం?"

దొర పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వదిన వాళ్ళింటికి రావడం మానేసింది. ఒకందుకు హాయిగానే ఉందనుకున్నాడు.

తర్వాత ఒక ఉదయం నీళ్ళ డబ్బా ఎత్తబోయి దొర నడుం పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. భార్య అతన్ని టాక్సీలో కూలేసి ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళింది, దగ్గర్లో ఇంకొకటి లేదు. అతన్ని మిషన్ ముందు వరసలో నిలబెట్టి, చక్రాల కుర్చీ వెతకడానికి పోయింది.

వంతు వచ్చింది. దొర ఎడమ అరచెయ్యి తెర అంచుకి ఆనించాడు. ఆనించకపోతే నిలబడలేడు. కుడిచూపుడువేలితో ఎముకల డాక్టరు మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు, గోడ మీద తను గీయించిన పద్ధతి ప్రకారం, ఒక వేలు పెట్టి, నొక్కి, వేలు తీసి. లేదు.

"మెల్లగా నొక్కండి బాబూ, అంత గట్టిగా కాదు" అన్నాడు వెనకనున్నాయన.

"వేలు తియ్యాలి, వేలు తియ్యాలి" అని ఇంకొకరు.

చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ గోడ మీది కాగితం అక్షరం అక్షరం పైకి చదివి వినిపించింది.

"నాకు తెలుసండీ!" అని అరిచాడు దొర.

"తెలిస్తే ఇంతసేపెందుకూ?" అందావిడ. ఆ తర్వాత గొంతు తగ్గించి పక్కనున్నాయనతో, "పాపం, చదువు లేదేమో" అంది.

దొరకి తల కొట్టేసినట్టయింది. వంగిన నడుముతోనే మెడ తిప్పి చూశాడు. వదిన తన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇటే చూస్తోంది.

"ఒక్కసారి ఇటు రండి వదినా."

"రాకూడదు మరిదిగారూ. జనం నేర్చుకోరట."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది.

అంతలో భార్య కుర్చీ తోసుకుంటూ వచ్చి, అతని రెండు భుజాలూ పట్టి అందులో కూలబెట్టింది. తెర మీద నుంచి అతని అరచెయ్యి లేచింది. ఆవిడ ఒక్క వేలు పెట్టింది. చీటీ వచ్చింది.

"ఇంతేగా" అంది భార్య.

డాక్టరు పిలుపు కోసం ఎదురుచూస్తూ దొర తన ఎడమ అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. ముందు దిగింది అది. అది లేచేదాకా ప్రోగ్రాము దాని కోసమే కాచుకుని కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన వేలు ఎన్నిసార్లు మొత్తుకున్నా, రెండో వేలు గనక, దాని గోల ఎవరికీ అక్కర్లేకపోయింది. గడ్డిమోపుల్లా వాలిన మనుషులందరూ కళ్ళ ముందుకొచ్చారు. వదిన ఎప్పుడూ పక్కన నిలబడి, ఎక్కడా ఆనుకోకుండా నొక్కేది. ఆసుపత్రికి వచ్చేవాడు నిటారుగా నిలబడగలిగితే ఆసుపత్రికి ఎందుకొస్తాడు? ఆ మాత్రం తట్టనివాడు ఎవడై ఉంటాడా అని ఎప్పటిలాగే పెదవి విరవబోయాడు. విరుపు సగంలో ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ మీద పారబోసిన ఈసడింపంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఇంటికొచ్చినట్టయింది.

జాలి కలిగిందని చెప్పడానికి లేదు. కలిగింది ఒళ్ళుమంట. ఇంటికొచ్చి, మాత్రలు మింగి, మంచం మీద వెల్లకిలా పడుకుని, లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని ఆ ఖాళీ నింపాడు. ప్రతి వేలికీ లైబ్రరీ ఇచ్చే నంబరు గుర్తుపెట్టుకోవాలి. ఏ వేలు ఏ మీట మీద దిగిందో చూడాలి. మీటల మీద పడనిదాన్ని దాని మానాన వదిలేసి, మీట మీద పడ్డదాని మాట వినాలి. భోజనం వేళకి ముందే పని అయిపోయి, ఆసుపత్రి తెరకి పంపేశాడు కూడా. అంత చిన్న పని అయినందుకే అతనికి మరింత కోపం వచ్చింది.

నడుం నిలబడ్డాక ఆఫీసుకి వెళితే, మీటింగులో మేనేజరు అడిగాడు.

"ఆసుపత్రి ఫిర్యాదులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏం చేశారేంటి?"

"రెండో టచ్ సంగతి పాత కోడులో ఎవరో వదిలేశారు. సరిచేశాను."

బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి తలెత్తి అతని వంక చూసింది. మళ్ళీ తన కాగితాల్లోకి తల దించుకుంది. ఒక మాట అనేస్తే బాగుండునని దొరకి అనిపించింది, బహుశా జీవితంలో మొదటిసారి.

భార్య పోరు పడలేక వదిన దగ్గరికి వెళ్ళాడు. హాల్లో తెర ముందు వరస చకచకా కదులుతోంది.

"బాగుచేశాను వదినా."

"చూస్తూనే ఉన్నా. ఉన్నట్టుండి జనానికి నొక్కడం వచ్చేసింది. ఎవరు నేర్పారో మరి."

తప్పు నాదేనని చెప్పడానికే దొర నోరు తెరిచాడు. ఆ మాట పలికి అలవాటు లేక ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కున్నాడు. వదిన అతని భుజం మీదుగా వెనకనున్న మనిషిని చూసి, "మీకేం కావాలండీ?" అంది. దొర పక్కకి తప్పుకోవలసి వచ్చింది.

వదిన మళ్ళీ వాళ్ళింటికి రావడం మొదలెట్టింది. చెల్లెలితో కబుర్లు చెప్పి, చెల్లెలితో నవ్వి వెళ్ళిపోతుంది. మరిదిగారూ అన్న పిలుపు మాత్రం ఆవిడ నోట మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి దొర వేరే విభాగం అడిగి తీసుకున్నాడు. కార్ఖానాల్లో ఒక యంత్రం ఇంకో యంత్రానికి కబుర్లు పంపుకునే ప్రోగ్రాములు రాసే చోటది. మధ్యలో మనిషి వేలు తగలదు. అతని సీటు ఆ అమ్మాయికి ఇచ్చారు. కొత్తచోట ప్రాణానికి సుఖంగా ఉందని భార్యతో చెబుతాడు. కాకపోతే ఏదైనా చెడినప్పుడు, నొక్కడం రాదని తిట్టడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఆ వెలితి పైకి ఒప్పుకోడు గానీ, సాయంత్రాలు ఇంటికొచ్చే మొహంలో అది స్పష్టంగా కనపడుతుంది.