ఓంకార్ నేర్పిన జవాబు

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, బిర్యానీ హోటల్ పైఅంతస్తులో ఓంకార్ పిల్లలకు అబద్ధం నేర్పిస్తాడు. బోర్డు మీద మాత్రం ‘వీసా ఇంటర్వ్యూ శిక్షణ’ అని ఉంటుంది. పక్క గదిలో నేను ఇంగ్లీషు చెబుతాను. మా ఇద్దరి గదులకూ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. అతని గొంతు వినపడనిది ఆదివారం ఒక్కటే. ఆ రోజు చర్చిలో కూర్చుంటే నా చెవులకు ఎంత హాయో చెప్పలేను.

అతను నేర్పే అబద్ధం చిన్నదే. అమెరికాకు చదువుకోడానికి వెళ్లే పిల్లలు, కాన్సులేట్‌లో అద్దం అవతల కూర్చున్న ఆఫీసరును నమ్మించాలి, చదువు కాగానే తిరిగొచ్చేస్తామని. అక్కడే ఉండిపోయే ఆలోచన ఉందని ఆయన పసిగడితే వీసా రాదు. ఉండిపోవడానికే వెళ్తున్నారని ఆఫీసరుకూ తెలుసు, పిల్లలకూ తెలుసు, కింద బిర్యానీ వండేవాడికీ తెలుసు. అయినా అందరూ మొహాలు బిగించుకుని ఈ తంతు నడిపిస్తారు. ఇందులో పౌరోహిత్యం ఓంకార్‌ది.

“కండ్లల్లకు చూడాలె. అడగంగనే చెప్పొద్దు, జర ఆగాలె. చిన్నగ నవ్వాలె. ఇగ అప్పుడు గొంతు తగ్గించి చెప్పాలె, నా వాళ్లంత ఇక్కడనే ఉన్నరు, అక్కడ నాకెవరున్నరు అని.”

ఇదంతా తర్వాత ఇంగ్లీషులో పలికిస్తాడు. ఆ ఇంగ్లీషు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంత చెప్పే మనిషి అమెరికా మొహం చూసిందీ లేదు. ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతిసారీ ఆఫీసరు తిప్పి పంపాడు. లింగంపల్లిలో పుట్టి, బీటెక్ ఎలాగో గట్టెక్కి, రాయదుర్గం సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎక్కడా నిలవలేక, చివరికి తాను తప్పిన పరీక్షకే మాస్టారయ్యాడు. మే నెల ఎండలోనూ కోటు విప్పడు. గోడకు అమెరికా టైము చూపించే రెండో గడియారం. మాటకు ముందు “మా డల్లాస్ పిల్లలు” అంటాడు, డల్లాస్‌కు లింగంపల్లి నుంచి బస్సున్నట్టు.

ఈ మనిషిని వర్షిత ప్రేమించింది. నా క్లాసులోనే చదివింది. కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి, చురుకైన పిల్ల. రోజూ ఓంకార్ ఆఫీసరు వేషం కట్టి “ఎందుకు తిరిగొస్తవ్?” అని అడిగేవాడు. ఒకరోజు ఆ పిల్ల నేర్పిన జవాబులన్నీ పక్కన పెట్టి “మీ కోసం వస్త సార్” అంది. దాంతో అయ్యగారు కుర్చీలోనే కరిగిపోయారు. లింగంపల్లి ఫంక్షన్ హాల్లో నిశ్చితార్థం జరిగింది, నేనూ వెళ్లి భోంచేసి వచ్చాను. చదువు కాగానే వర్షిత వచ్చేస్తుంది, పెళ్లవుతుంది, అమెరికాలో చదివొచ్చిన భార్య పేరు బోర్డు మీదికెక్కుతుంది. ఓంకార్ లెక్క అది.

అంతటితో ఊరుకుంటే ఓంకార్ ఎందుకవుతాడు? ఆఫీసరును నమ్మించడానికి తననే సాక్ష్యంగా పెట్టాడు. “నాకు నిశ్చితార్థం అయింది. ఆయన సంస్థ ఇక్కడే ఉంది. తిరిగొచ్చి పెళ్లి చేసుకుంటాను.” వర్షిత చెప్పాల్సిన జవాబు ఇది. నిజానికి అందులో అబద్ధం లేదు. అందుకే కాబోలు, ఆ పిల్లకు చెప్పడం రాలేదు. సిగ్గుపడేది, తడబడేది, మధ్యలో ఆగి నవ్వేది.

“గిట్ల నసిగితె ఎవడు నమ్ముతడు?” అని ఓంకార్ కసురుకునేవాడు. “మళ్ల చెప్పు. కండ్లు దించకు. నమ్మకం రాలే, మళ్ల చెప్పు.”

చెక్కకు ఇవతల కూర్చుని వారాల తరబడి విన్నాను. సిగ్గు పోయింది. తడబాటు పోయింది. చివరికి ఆ పిల్ల నోట నిజం కూడా మిగతా అందరి అబద్ధం లాగే నున్నగా తయారైంది. ఓంకార్ చప్పట్లు కొట్టాడు.

వీసా వచ్చింది. ఆఫీసంతా లడ్డూలు పంచాడు. ఆ వారం నుంచి మా దగ్గర చేరిన అమ్మాయిలందరికీ నిశ్చితార్థాలు అయిపోయాయి, అందరి కాబోయే వాళ్లకూ ఇక్కడే సంస్థలున్నాయి. నాకు అసహ్యం వేసింది.

“ఓంకార్ గారూ, అది మీ సొంత సంగతండీ. దాన్ని కూడా అమ్ముకుంటారా?” అని అడిగేశాను.

“వర్కౌట్ అయిన జవాబు మేడం. ఎందుకు ఇడిసిపెడ్త?” అన్నాడు, నాకే తెలివి లేనట్టు.

వర్షిత చదువు అయిపోయింది. చదువైన వాళ్లు అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకునే వీలుంటుంది, ఆ పిల్లకూ దొరికింది. ముహూర్తం వాయిదా పడింది. మళ్లీ పడింది. ఓంకార్ మాత్రం “ఫికర్ లేదు మేడం, ఇగ వస్తది” అంటూ తిరిగేవాడు. ఆ ధీమా చూస్తే చెంప మీద ఒకటివ్వాలనిపించేది.

మొన్న ఒక పొద్దున, క్లాసులు మొదలవక ముందు, మార్కర్ కోసం అతని గదికి వెళ్లాను. వర్షితతో వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోను బల్ల మీద నిలబెట్టి స్పీకర్ పెట్టడం అతని అలవాటు, అమెరికా గొంతు పిల్లలంతా వినాలని. ఇంటర్వ్యూకు తయారవుతున్న రసజ్ఞ అనే అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంది.

“శ్రావణంల పెట్టుమందునా ముహూర్తం? పంతులు అడుగుతుండు,” అన్నాడు. తర్వాత గొంతు మారింది. “నిజం చెప్పు వర్షితా. వస్తవా?”

వర్షిత సూటిగా చూసింది. కొంచెం ఆగింది. చిన్నగా నవ్వింది. గొంతు తగ్గించింది.

“తప్పకుండ వస్త. నా వాళ్లంత అక్కడనే ఉన్నరు. ఇక్కడ నాకెవరున్నరు?”

ఎక్కడా తడబడలేదు. కళ్లు దించలేదు.

ఓంకారే కళ్లు దించుకున్నాడు. అతనికి అర్థమైందని నాకు అర్థమైంది. ఆ ఆగడం ఎంతసేపో, ఆ నవ్వు ఎంత వెడల్పో అతని కంటే బాగా తెలిసినవాళ్లెవరు?

రసజ్ఞ మొహం వెలిగిపోయింది. “సార్, అక్క మాకోసం చేసి చూపిస్తుందా? భలే చెప్పింది!”

ఓంకార్ ఫోను తీసి “బాగ చెప్పినవ్” అని కాల్ కట్ చేశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. అది విప్పగా చూడటం నాకు అదే మొదలు. నాకు జాలి కలిగిందని రాస్తే, అది అతను నేర్పిన బాపతు మాటే అవుతుంది.

“ఇలా చెప్తే నమ్ముతారా సార్?” అని రసజ్ఞ అడిగింది.

“నేను నమ్మిన,” అన్నాడు.

ఆ రోజు నిశ్చితార్థం జవాబు ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. వర్కౌట్ అయిన జవాబు కదా.