లెక్కపెట్టని గారెలు

డునెడిన్‌లో చదువుకునే రోజుల్లో ఒకసారి క్రైస్ట్‌చర్చ్ బస్సెక్కాను. పక్క సీట్లో క్లేర్ అనే అమ్మాయి. న్యూ కాలెడోనియా దీవుల నుంచి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చింది, ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి. ఇంగ్లీషులో వేటిని లెక్కపెట్టొచ్చో, వేటిని లెక్కపెట్టకూడదో అంతుపట్టక తల పట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషులో అడ్వైస్‌కీ లగేజ్‌కీ బహువచనం లేదు కానీ, వాళ్ళ భాషలో సలహాలూ సామాన్లూ కూడా లెక్కకొస్తాయట. మనకీ అంతే కదా అని నవ్వుకున్నాను.

ఆకలేసి, పొద్దున నేను అద్దెకుండే ఇంటి తెలుగు ఆంటీ కట్టిచ్చిన గారెల డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. క్లేర్ మొహం వెలిగిపోయింది.

"ఇవి మాత్రం నాకొచ్చు!" అంటూ వేలు చూపించి వన్, టూ, త్రీ అని మొదలుపెట్టింది.

నేను గబుక్కున డబ్బా మూసేశాను. ఆమె బిత్తరపోయింది.

"సారీ, తప్పు చెప్పానా?"

"మీ ఇంగ్లీషు బాగానే ఉందండీ. తినేవాటిని లెక్కపెడితే మా అమ్మ ఊరుకోదు. దిష్టి తగులుతుందంటుంది."

క్లేర్ నవ్వలేదు. ఎన్నో కనబడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకుని చెయ్యి చాపింది. ఆ చేతిలో పట్టినన్ని గారెలు పెట్టాను.

ఇప్పుడు ఫ్లాట్ బుష్‌లోని మా ఇంట్లో మా పాప, తన తమ్ముడి కంచంలో గారెలు చూసి "నాన్నా, వాడికి ఫోర్, నాకు త్రీయే" అంటుంది. అమ్మలా కసురుదామని నోరు తెరుస్తాను. ఇంతలో క్లేర్ చాపిన చెయ్యి గుర్తొస్తుంది. కిటికీ వైపు చూస్తూ, చేతికందినన్ని పాప కంచంలో వేస్తాను.